పిన్నులు కొట్టిన నాలుగు పేజీలు

ఎనిమిదేళ్ళుగా ఈ విషయం మీద నాకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. మా నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి రెండు ఉత్తరాలు రాశాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు ఎవరో సంతకం పెట్టిన కార్డు తిరిగి వచ్చింది గానీ జవాబు రాలేదు. పూర్వ విద్యార్థుల సమావేశానికి పిలిచారు కదా అని వెళ్ళి, రెండు నిమిషాలు మైకు ఇమ్మని అడిగాను. "భోజనాలు చల్లారిపోతాయి బాబూ" అన్నారు. సాంబారు చల్లారకూడదు. నా ప్రశ్న మాత్రం ఎన్నేళ్ళయినా చల్లారుతూ కూర్చోవచ్చు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. విషయం చిన్నదే. నా మొదటి సంవత్సరం రికార్డు పుస్తకంలో నాలుగు పేజీలను మా మేడమ్ స్టేప్లర్‌తో మూసేశారు. ఆ పేజీల్లో నేను రాసింది ఒప్పా, తప్పా? నాకు తెలియాల్సింది అంతే.

యూనివర్సిటీ వారి బీఎస్సీ నర్సింగ్‌లో మా తరగతిలో అరవై మంది. అందులో మగపిల్లలం ఐదుగురం. ఈ మేడమ్ మాకు ప్రాథమిక నర్సింగ్ చెప్పేవారు. మంచం మీద దుప్పటి పరవడం, జ్వరం చూడటం, రోగి నోరు శుభ్రం చేయడం, కళ్ళు తుడవడం లాంటివన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. రోజూ తరగతిలోకి వస్తూ "గుడ్ మార్నింగ్ గర్ల్స్" అనేవారు. నెల రోజులు విన్నాను. తర్వాత లేచి, "మేడమ్, మేం కూడా ఉన్నాం" అన్నాను.

"ఉన్నారు, కనిపిస్తున్నారు. కూర్చో."

మర్నాటి నుంచి "గుడ్ మార్నింగ్ గర్ల్స్ అండ్ అదర్స్" అనడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళూ మేం ఐదుగురం అదర్స్‌గానే చదువుకున్నాం. దీని మీద నేను ఉత్తరం రాయలేదు. రాయాల్సింది.

అయితే ఆవిడకి పాఠం చెప్పడం రాదని నేనెప్పుడూ అనలేదు. దుప్పటి మూల ఎలా మడవాలో ఆవిడ ఒక్కసారి చూపిస్తే చాలు. ఈ రోజుకీ నా వార్డులో నేను వేసిన మంచాన్ని ఎవరైనా గుర్తుపడతారు. అంత బాగా చెప్పే మనిషి కాబట్టే నా ప్రశ్నకి కూడా జవాబు చెప్పాల్సింది అంటున్నాను.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. శనివారం మధ్యాహ్నం మొదటి సంవత్సరం వాళ్ళందరూ ల్యాబులో పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని స్వాబులు చుట్టాలి. స్వాబు అంటే గాయం తుడవడానికో, కళ్ళు తుడవడానికో వాడే చిన్న దూది ఉండ. ఎవరి దూది వాళ్ళే తెచ్చుకోవాలి. చుట్టినవన్నీ ఒకే స్టీలు డ్రమ్ములో వేసి, ఆవిరి యంత్రంలో శుద్ధి చేయించేవారు. వారమంతా ల్యాబులో వాడేది వాటినే.

మొదటిసారి దూది తెమ్మన్నప్పుడు నేను ఇంట్లో చెప్పాను. మాది ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్ళే ఊరు. నాన్న కౌలుకి తీసుకుని సగం పత్తి, సగం మిరప వేసేవాడు. ఆ రోజుల్లో మా ముందుగదిలో మంచం పట్టే చోటు కూడా లేకుండా పత్తి పోసి ఉంది. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"దూది కొనుక్కోవడమేందిరా? ఇంటినిండా పత్తి పెట్టుకుని మందుల షాపుకి పోయి దూది కొంటావా? వింటే నవ్విపోతారు."

ఆ మాటలో నాకూ తప్పేమీ కనబడలేదు. పత్తి పండించే ఊళ్ళో పుట్టినవాడికి దూది అంటే గింజ తీసిన పత్తే. అమ్మ మొదటి తీతలో మచ్చలేని పత్తి ఏరింది. పిన్నిని తోడు కూర్చోబెట్టుకుని మూడు రోజులు చేత్తో గింజ తీసింది. ఏకి, ఆకు నలుసు కూడా లేకుండా చేసి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరలో మూటకట్టి ఇచ్చింది. మందుల షాపు చుట్ట కంటే మా దూదే తెల్లగా ఉంది. ఆ శనివారం నేను చుట్టినన్ని స్వాబులు ఎవరూ చుట్టలేదు. పక్కనున్న అమ్మాయిలు నా మూటలోంచే తీసుకుని చుట్టారు. ఈ సంగతి వాళ్ళలో ఒక్కరు కూడా తర్వాత చెప్పలేదు.

సోమవారం కళ్ళు తుడిచే పాఠం. మేడమ్ బొమ్మ పక్కన నిలబడి, గిన్నెలో సెలైన్ పోసి, డ్రమ్ములోంచి నాలుగు స్వాబులు పట్టకారుతో తీసి వేశారు. ఒకటి మునిగింది. మూడు తేలాయి. ఆవిడ పట్టకారుతో ఒకదాన్ని అడుగుకి నొక్కారు. వదలగానే బాతుపిల్లలా పైకి వచ్చింది. బయటికి తీస్తే నీళ్ళు దాని మీంచి ముత్యాల్లా జారిపోయాయి. లోపల పొడిగా ఉంది.

"ఇవి ఎవరివి?"

నా మూటలోంచి తీసుకుని చుట్టిన అమ్మాయే నా వైపు చూపించింది. నేను లేచాను.

"ఇదెక్కడి దూది?"

"మా పొలంది మేడమ్."

తరగతంతా గొల్లుమంది.

"పొలందా! రేపు సూదులు తెమ్మంటే తుమ్మముళ్ళు కోసుకొస్తావా?"

ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి అడిగాను: "మరి ఎందుకు తేలుతోంది మేడమ్?"

"తేలుతోంది. అంతే. డ్రమ్ము మొత్తం ఖాళీ చెయ్యండి, అన్నీ కలిసిపోయాయి."

డ్రమ్ము ఖాళీ చేయించడం సబబే. నీళ్ళు పీల్చని దూదితో కన్ను తుడవలేం, గాయం తుడవలేం. అది నేను ఆ రోజే ఒప్పుకున్నాను. అరవై మంది ఒక మధ్యాహ్నమంతా చేసిన పని చెత్తబుట్టలోకి పోయింది, మా అమ్మ మూడు రోజుల పని కూడా. ఆ రోజు నుంచి నాకు దూదిబాబు అని పేరు పడింది. దానికీ బాధ లేదు. కానీ "తేలుతోంది. అంతే" అన్న మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి పత్తిలో పొర్లాడినవాణ్ణి. దాన్ని నీళ్ళలో వేస్తే ఏమవుతుందో నాకు ఎందుకు తెలియదు? నాకు తెలియకపోతే పోయింది, ఆవిడకి తెలుసా?

మూటలో పిడికెడు పత్తి మిగిలింది. హాస్టల్లో పొద్దున టిఫిన్‌కి వెళ్ళే ముందు స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి చిన్న ఉండ వేశాను. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూస్తే అలాగే తేలుతోంది. మర్నాడూ తేలుతోంది. నా గదిలో ఉండేవాడు సింగరాయకొండ వైపువాడు. వాళ్ళ నాన్నది అక్కడ టైలర్ షాపు. గుడ్డల సంగతి తనకి తెలుసని వాడి నమ్మకం.

"ఒరేయ్, అది మునిగేదాకా నువ్వు అన్నం తినవా ఏంది?"

"గుడ్డ అయితే మునిగిద్ది కదరా. గుడ్డా పత్తే కదా?"

వాడు ఆలోచించాడు. "కొత్త గుడ్డ అయితే మా నాన్న ముందు నీళ్ళు చల్లి చూస్తాడు. కొన్ని గుడ్డలు వెంటనే తాగవు. ఉతికాక తాగుతాయి." తర్వాత వాడే అడిగాడు. "స్పిరిట్‌లో వేశావా?"

నా కిట్‌లో చిన్న సీసా ఉంది. మూతలో కొంచెం పోసి వేశాను. వేసీ వేయగానే నానిపోయి అడుగుకి చేరింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నీళ్ళు వద్దంటది, స్పిరిట్ అయితే గటగటా తాగేసిద్ది. అచ్చం మా బాబాయిలాగానే ఉంది రా!" అన్నాడు వాడు.

సబ్బునీళ్ళలో వేస్తే కాసేపు ఆగి, మెల్లగా మునిగింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. నీళ్ళు: రెండు రోజులైనా తేలుతోంది. సబ్బునీళ్ళు: మెల్లగా మునిగింది. స్పిరిట్: వెంటనే మునిగింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, చేలో పత్తి వానకి తడుస్తుందా అని. నాన్న గట్టు మీద కూర్చుని కాళ్ళకంటిన మట్టి గీక్కుంటున్నాడు.

"చినుకైతే జారిపోద్ది. ఇట్టా దులిపితే చాలు. ముసురు పట్టిందా, నానిపోయి తోకల్లాగా వేలాడిద్ది. దీనికి కూడా కాలేజీకి పోవాలంటరా?"

మరి చివరికి ముసురుకి తడుస్తోందంటే, అసలు తడవని వస్తువు కాదు. దాని మీద ఏదో ఉంది. అదేదో కొంచెంసేపు ఆపుతోంది.

ఆ ఏదో ఏమిటన్నది పక్కింటి అరుగు మీద దొరికింది. మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం, మా ఇంట్లో దీపం పెట్టం. పక్కింటి మామ్మగారు మాత్రం ఏటా మా పత్తే తీసుకుని వత్తులు చేసుకుంటారు. ఆవిడ అరుగు మీద వత్తులు చేస్తుంటే వెళ్ళి కూర్చున్నాను.

"మామ్మగారూ, వత్తి నూనెలో తేలిద్దా?"

"తేలడమేంది అబ్బాయ్? వేసీ వేయగానే పీల్చేసిద్ది. లేకపోతే దీపం ఎట్టా వెలిగిద్ది?"

"నీళ్ళలో వేస్తే?"

"నీళ్ళలో వత్తి ఎవడేస్తాడురా? నీకేమన్నా జ్వరం తగిలిందా?"

ఆవిడ తిడుతూనే ఒక ప్రమిదలో నూనె, ఒక ప్రమిదలో నీళ్ళు పోసి రెండు వత్తులు ఇచ్చారు. నూనెలో వత్తి క్షణంలో బరువెక్కి పారదర్శకమైంది. నీళ్ళలోది కాగితం పడవలా తిరుగుతోంది. మామ్మగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగి చూశారు. "ఇన్నేళ్ళుగా వత్తులు చేస్తున్నా, ఇట్టా ఎప్పుడూ చూడలేదురా" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. పెద్దవాళ్ళలో నా ప్రశ్నని ప్రశ్నగా తీసుకున్న మొదటి మనిషి ఆవిడే.

నూనెని రమ్మంటోంది, నీళ్ళని పొమ్మంటోంది. అన్నం తిన్న జిడ్డు కంచం మీద నీళ్ళు ఎలా జారతాయో, అలాగే. అంటే పత్తి మీద కంటికి కనబడని జిడ్డు పూత ఏదో ఉంది. అమ్మకి చెప్పాను. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపడలేదు.

"జిడ్డయితే ఏముందిరా, సోడా వేసి మరిగిస్తే పోద్ది."

పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత అల్యూమినియం గిన్నె పెట్టి, బట్టల సోడా వేసి, పత్తి వేసి మరిగించాం. గంట గడిచేసరికి నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగాయి. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇంత తెల్లటి పత్తిలో ఈ రంగు ఎక్కడిదిరా?" నాలుగు నీళ్ళలో కడిగి, నులకమంచం మీద ఆరబెట్టాం. కొంచెం గట్టిపడింది, మునుపటి మెత్తదనం పోయింది. సాయంత్రం చెంబులో నీళ్ళు పోసి, ఏకిన ఉండ వేసి లెక్కపెట్టాను. మూడు అనేలోపే మునిగింది. అమ్మ చప్పట్లు కొట్టింది. పిన్నిని, మామ్మగారిని పిలిచి వాళ్ళకి రెండోసారి చూపించింది.

నేను బయల్దేరేటప్పుడు అమ్మ ఒకటే చెప్పింది. "మీ మేడమ్‌కి చూపించు. ఏమంటదో వచ్చి నాతో చెప్పు."

రికార్డు పుస్తకంలో స్వాబులు చుట్టే పద్ధతి రాయాల్సిన చోట అది రాసి, దాని వెనక నాలుగు పేజీలు రాశాను. నీళ్ళు, స్పిరిట్, సబ్బు, ముసురు, వత్తి, సోడా. ఒక పక్క పచ్చి పత్తి, ఒక పక్క ఉడికించిన పత్తి జిగురుతో అంటించాను. చివర "కాబట్టి ఆసుపత్రి దూది అంటే జిడ్డు తీసిన పత్తి అని నా అభిప్రాయం. ఇది సరైనదేనా?" అని రాశాను. రికార్డు వారం రోజులు మేడమ్ దగ్గర ఉంది. తర్వాత స్టాఫ్ రూమ్‌కి పిలిచారు. ఆ పేజీ తెరిచి ఉంది.

"ఏంటిది?"

"ఆ రోజు మీరు చెప్పలేదు కాబట్టి నేనే కనుక్కున్నాను మేడమ్."

అలా అనకుండా ఉండాల్సిందని ఆ సాయంత్రమే మా గదివాడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది నిజం కాబట్టే అన్నాను.

"రికార్డులో రాసేది ప్రొసీజరు. నీ సొంత పరిశోధనలు కాదు. రేపు పరీక్షకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి చూస్తే ఎవర్ని అడుగుతారు? నన్ను."

"చదివారా మేడమ్?"

"నాకు అరవై రికార్డులున్నాయి."

నాలుగు పేజీలూ దగ్గరికి చేర్చి, స్టేప్లర్ అందుకుని, పైన రెండు, పక్కన మూడు, కింద రెండు పిన్నులు కొట్టారు. ఏడు. పైన ఎర్ర సిరాతో "అవసరం లేదు" అని రాసి సంతకం పెట్టారు. లోపలున్న పత్తి వల్ల ఆ పేజీలు దిండులా ఉబ్బి ఉంటాయి, ఇప్పటికీ.

అమ్మ ఫోన్‌లో అడిగింది. "ఇంకా చూడలేదమ్మా" అన్నాను. మరుసటి వారం మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. మిరప కోతలు వచ్చి అమ్మకీ తీరిక లేకపోయింది. కానీ అమ్మ మరిచిపోయే మనిషి కాదు. నాకు ఈ గుణం ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు?

ఇప్పుడు నేను గుంటూరులో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. రోగులు బ్రదర్ అంటారు. రికార్డు నా పెట్టెలో ఉంది. పిన్నులు నేను తీయలేదు. తీయడానికి నిమిషం పట్టదని అందరూ అంటారు. తీయడం కాదు కదా విషయం. మూసినవాళ్ళు చదివి తెరవాలి.

పోయిన నెల మా వార్డుకి అదే కాలేజీ నుంచి విద్యార్థినులు వచ్చారు. ఒక అమ్మాయి డ్రెస్సింగ్ ట్రేలో సెలైన్ పోసి, స్వాబు వేసి, రోగి వైపు తిరగకుండా గిన్నెలోకే చూస్తూ నిలబడింది.

"ఏం చూస్తున్నావమ్మా?"

"మునిగిందో లేదో చూస్తున్నా సార్. మా మేడమ్ మొదటి ల్యాబులోనే చూపిస్తారు. ఒక గ్లాసులో పొలం పత్తి, ఇంకో గ్లాసులో ఆసుపత్రి దూది."

నేను కత్తెర కింద పెట్టాను. "ఎందుకు తేలుతుందో కూడా చెప్పారా?"

"చెప్పారు సార్. పత్తి మీద మైనం లాంటి జిడ్డు ఉంటుందంట. అందుకే దీపం వత్తి నూనె పీలుస్తుంది గానీ నీళ్ళు పీల్చదు. సోడా వేసి ఉడికిస్తే జిడ్డు పోతుంది."

"వత్తి సంగతి పుస్తకంలో ఉందా?"

"లేదు సార్, మేడమే చెప్పారు. ఎవరో పాత స్టూడెంట్ ఇంటి నుంచి పత్తి తెచ్చి డ్రమ్మంతా పాడు చేశాడంట. చాలా మొండివాడంట సార్." పక్కనున్న అమ్మాయితో కలిసి కిసుక్కున నవ్వింది.

మంచం మీదున్న పెద్దాయన, "బ్రదరూ, నా కట్టు సంగతి చూడయ్యా ముందు" అన్నాడు. కట్టు కట్టాను. చేతులు వాటి పని అవి చేశాయి. బుర్ర మాత్రం స్టాఫ్ రూములో ఉంది.

ఆ వారం లైబ్రరీకి వెళ్ళి దొరికిన నర్సింగ్ పుస్తకాలన్నీ తిరగేశాను. జిడ్డు తీసిన దూది అని ఒకచోట ఒక్క ముక్క ఉంది. నేను అనుకున్నది ఒప్పే కావచ్చు. కానీ వత్తి ఎక్కడా లేదు. వత్తి ఉన్నది మామ్మగారి అరుగు మీద, ఆ తర్వాత నా నాలుగు పేజీల్లో. ఇంకెక్కడా నాకు కనబడలేదు. ఆ పేజీలకి అప్పటి నుంచి పిన్నులున్నాయి. అంటే ఆవిడ పిన్నులు కొట్టక ముందే చదివారు. అరవై రికార్డుల మధ్య, నాలుగు పేజీలూ, చివరిదాకా చదివారు. లేకపోతే ఆవిడకి కూడా ఎక్కడో ఒక అరుగు, ఒక మామ్మగారు ఉన్నారా? అదీ కావచ్చు. నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

మేడమ్, ఇది మీరు చదువుతారని నాకు తెలుసు. మీ కాలేజీలో ఎవరో ఒకరు మీకు చూపిస్తారు. పాఠంలో నా పేరు చెప్పమని నేను అడగడం లేదు. మొండివాడన్నారు, ఫరవాలేదు. చదివి కూడా ఎందుకు మూశారో అడగాలని ఉంది. ఎక్స్‌టర్నల్ భయమా, నేను అన్న మాట తగిలిందా? ఏదైనా సరే, వింటాను. వచ్చే సోమవారం నాకు వారపు సెలవు. రికార్డు పట్టుకుని పదకొండింటికి స్టాఫ్ రూమ్‌కి వస్తాను. ఆ ఏడు పిన్నులూ మీ చేత్తోనే తీసి, నా చివరి వాక్యం కింద, అదే ఎర్ర సిరాతో, ఒప్పు అనో తప్పు అనో రాయండి. తప్పయితే ఎక్కడ తప్పో కూడా రాయండి.

మొన్న ఆదివారం ఇంటికి వెళితే అమ్మ మిరపతోటలోంచి వచ్చి, మంటెక్కిన చేతులకి మజ్జిగ రాసుకుంటూ అడిగింది: "ఇంతకీ ఆ పత్తి గురించి మీ మేడమ్ ఏమందిరా?"

ఏం చెప్పమంటారు?